ఒకరికి చెవులు, ఒకరికి కళ్లు

కోయంబత్తూరులో మా వీధికి వచ్చి మా ఇంటి నంబరు చెప్పి అడిగితే ఎవరూ దారి చూపరు. "రెండు నాయ్ వీడు" అనండి, చాలు. మలుపులో ఇస్త్రీ బండి పెట్టుకున్న పెద్దమనిషి దగ్గరనుంచి బడికి పోయే పసివాళ్ల వరకు అందరూ చెయ్యి చూపిస్తారు. రెండు కుక్కల ఇల్లు అన్నమాట. ఇదివరకు మా తాతగారి పేరు చెపితే గుర్తుపట్టేవారు. ఇప్పుడు ఆ గౌరవం టైగరుకూ మల్లికీ దక్కింది. మాకు ఇందులో చిన్నతనమేమీ లేదు. గోడకు కొట్టిన నంబరు పలక కంటె ఈ గుర్తే నయం. పలక చీకట్లో కనపడదు, టైగరు చీకట్లో కూడా మొరిగి ఇల్లెక్కడో చెపుతాడు.

వంటలూ వ్రతాలూ పిల్లల చదువులూ వ్రాసే ఈ పుటలో కుక్కల గొడవ ఏమిటని పెద్దలు కొందరు నవ్వుకోవచ్చు. కాని నెల మొదట్లో సరుకుల చీటీ వ్రాసేటప్పుడు వీటి బియ్యం లెక్క వేయకుండా మాకు కుదరదు. పెళ్లికి అందరం కలసి వెళ్లాలంటే ముందు వీటిని ఎవరు చూసుకుంటారన్నది తేలాలి. ఇంటి వ్యవహారంలో ఇంతగా కలసిపోయిన వాటిని గురించి ఒక నెల వ్రాస్తే తప్పులేదు. పైగా మన తెలుగు కుటుంబాలవారు ముఖ్యంగా ఆలోచించవలసిన విషయం ఒకటి మల్లి మూలంగా మాకు తెలిసివచ్చింది. అది చెప్పటానికే ఈ ఉపోద్ఘాతమంతా.

టైగరు మట్టి రంగు వీధికుక్క. వాడికి 11 ఏళ్లు. ఒక వానాకాలపు రాత్రి మా గేటు పక్కన బోర్లించిన డ్రమ్ము క్రింద దూరి ఏడుస్తూ దొరికాడు. అరచేతిలో పట్టేటంత ఉన్న ఆ ప్రాణికి పిల్లలు పెద్దపులి పేరు పెట్టారు. పేరు నిలబెట్టుకోవాలన్న పట్టుదల వాడికి ఏ రోజూ కలగలేదు. ఎదురింటి పిల్లి వస్తే గోడవారకు జరిగి దారి ఇస్తాడు. మల్లి నాలుగేళ్ల ఆడకుక్క, రాజపాళయం జాతి. రెండు అడుగులు పైన ఎత్తు, సన్నని నడుము, పాలలాంటి తెలుపు, గులాబిరంగు ముక్కు. చూసినవారు "అబ్బ!" అనకుండా వెళ్లరు. అన్నంత మాత్రాన తిరిగి చూస్తుందనుకోకండి. మల్లి పుట్టు చెవిటిది.

ముందు వీటి అల్లరి కొంచెం చెప్పాలి.

ధనుర్మాసంలో మా అమ్మగారు తెల్లవారకముందే లేచి వాకిట్లో పెద్ద ముగ్గు పెడతారు. పిల్లలందరికీ ఆవిడ అవ్వ కనుక మేమూ అవ్వ అనే అంటాము. అవ్వ బియ్యప్పిండితోనే ముగ్గు వేయాలంటుంది. చీమలూ పిచ్చుకలూ తింటే పుణ్యమని పెద్దలు పెట్టిన ఆచారం అది. టైగరుకు ఈ ఆచారం మీద అపారమైన భక్తి. అవ్వ ఒక మూల గీత గీస్తూ ముందుకు పోతుంటే, వెనకనుంచి ఆ గీత వెంబడే నాకుతూ వస్తాడు. ఆవిడ చివరి చుక్క కలిపి నడుము ఎత్తి చూసేసరికి సగం పద్మం ఉండదు. "చీమల నోటికాడి కూడు తింటావట్రా!" అని చీపురు ఎత్తుతుంది. చీపురు చూసి పరుగెత్తేది టైగరు కాదు, మల్లి. అదేదో ఆట అనుకుని ముగ్గు మధ్యనుంచి నాలుగుసార్లు అటూ ఇటూ దూకుతుంది. ఇప్పుడు రాజీ కుదిరింది. చుట్టూ రాతిపిండితో ముగ్గు, నడుమ ఒక్క చిన్న పద్మం మాత్రం బియ్యప్పిండితో. ఆ పద్మం టైగరుగారి వాటా. చీమలకు తులసికోట దగ్గర వేరే వేస్తున్నారు.

ఇంతకంటె గొప్ప కథ వంటింటిది. మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో టైగరు గేటు దగ్గర ఒక్కసారి గొంతెత్తి మొరుగుతాడు. ఎవరో వచ్చారని ఇంట్లోవాళ్లం తలా ఒక పని వదిలి ముందుకు వెళతాము. చూస్తే గేటు దగ్గర ఎవరూ ఉండరు. వెనక్కి వచ్చేసరికి చల్లార్చటానికి పెట్టిన అప్పాలలో రెండు మాయమై ఉంటాయి. మల్లి పెరట్లో జామచెట్టు క్రింద, ఏమీ ఎరుగనట్టు, మూతి తుడుచుకుంటూ ఉంటుంది. ఇవి రెండూ ముందుగా మాట్లాడుకుని చేస్తున్నాయని పిల్లలు ప్రమాణం చేసి చెపుతారు. మేము అంత దూరం పోము. జరిగేది ఇది: మొరిగిన చప్పుడు అందరికీ వినపడుతుంది, అందరూ గేటు వైపు పోతారు. మల్లికి ఆ చప్పుడు వినపడదు. దానికి కనపడేది ఒక్కటే, వంటిల్లు ఖాళీ అయింది. ఖాళీ అయిన వంటింట్లోకి కుక్క వెళ్లటానికి కుట్ర ఎందుకు? అయితే దొరికిన రెండిటిలో ఒకటి టైగరు ముందు ఎందుకు పడేస్తుందని పిల్లలు అడుగుతారు. దానికి మా దగ్గర సమాధానం లేదు.

తిండి మాట వచ్చింది కనుక ఒకటి రెండు జాగ్రత్తలు ఇక్కడే చెపుతాము. మన ఇళ్లలో కుక్కకు మిగిలిన సాంబారన్నం పెట్టటం వాడుక. సాంబారులో ఉల్లిపాయ లేకుండా ఉండదు. ఉల్లి, వెల్లుల్లి కుక్కల నెత్తురులోని ఎర్రకణాలను చెడగొడతాయి. ఒక ముక్కకు ఏమీ కాకపోవచ్చు, రోజూ పెడితే నీరసించిపోతాయి. ద్రాక్ష, కిసిమిసి ఇంకా ప్రమాదం. కొన్ని కుక్కలకు కొద్దిపాటి కిసిమిసితోనే మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఎంత తింటే ఏమవుతుందో ముందుగా చెప్పలేమని డాక్టర్లే అంటారు. కనుక సంక్రాంతినాడు మా ఇంట్లో రెండు పొంగళ్లు. దేవుడికీ మనుషులకూ కిసిమిసి, జీడిపప్పు వేసినది. వీటికి ఉత్త అన్నం, పెసరపప్పు, చారెడు పెరుగు. చాక్లెట్టు కూడా వీటికి విషమే. ఈ సంగతి మా చిన్నవాడికి చెప్పినప్పటినుంచి ఇంట్లో చాక్లెట్లన్నీ తన జేబులోనే భద్రంగా ఉండాలంటున్నాడు.

ఇక మల్లి మా ఇంటికి వచ్చిన సంగతి. రాజపాళయం పేరు మన పాఠకులకు కొత్త కాదు. పడమటి కనుమల అడుగున, నేటి విరుదునగరు జిల్లాలో, విజయనగర కాలంలో దక్షిణానికి తరలివచ్చిన తెలుగు రాజులు స్థిరపడిన ఊరు. 1949 నుంచి 1952 వరకు మద్రాసు రాష్ట్రానికి నాయకత్వం వహించి, తరువాత ఒడిశాకు గవర్నరుగా వెళ్లిన పి. యస్. కుమారస్వామి రాజా గారిది ఆ ఊరే. ఆ ఊరి పేరు మనుషుల వల్ల ఎంత తెలిసిందో కుక్కల వల్ల అంత తెలిసింది. అడవిపందుల వేటకూ పొలాల కాపలాకూ అక్కడివారు పెంచుకున్న జాతి ఇది. 2005లో తపాలా శాఖవారు మన దేశపు కుక్కల మీద నాలుగు బిళ్లలు వేసినప్పుడు కర్ణాటకలోని ముధోళ వేటకుక్కతోపాటు దీనికీ చోటిచ్చారు. అందుచేత రాజపాళయం కుక్క అంటే "మనవాళ్ల కుక్క" అని మన తెలుగువారికి ఒక మమకారం. పెళ్లిళ్లలో, సంఘం సభలలో ఈ మాట చాలాసార్లు విన్నాము. మాకూ ఆ మమకారం ఉన్నది, లేదనము.

మా బంధువు ఒకరికి తెలిసిన ఇంట్లో ఎనిమిది పిల్లలు పుట్టాయి. అన్నీ తెల్లనివే. నెలా పదిహేను రోజులప్పుడు కొనేవారు వచ్చి చూస్తుంటే ఎవరి చేతిలోనుంచో స్టీలు పళ్లెం నేల మీద పడింది. ఆరు పిల్లలు ఉలిక్కిపడ్డాయి. రెండు తమ మానాన తాము ఆడుకుంటున్నాయి. ఆ ఇంటివారు తొణకకుండా, "ఈ రెండూ అమ్ముడుపోవు" అన్నారట. అమ్ముడుపోనివాటిని ఏమి చేస్తారని మా బంధువు అడిగితే నవ్వి ఊరుకున్నారట. ఆ నవ్వు చూసి ఈయన ఒకదాన్ని తువ్వాలులో చుట్టుకుని రాత్రి బస్సెక్కి తెల్లవారేసరికి మా గుమ్మంలో దిగారు. అదే మల్లి. రెండో పిల్ల ఏమైనదని తరువాత రెండుసార్లు కబురుపెట్టి అడిగించాము. జవాబు రాలేదు.

ఈ చెవుడు దైవికంగా ఎక్కడో ఒకచోట వచ్చేది కాదు. ఈ జాతిలో తరచుగా కనపడుతుంది. కారణం తెలియనిదీ కాదు. చెవి లోపల నత్తగుల్ల ఆకారంలో ఒక భాగం ఉంటుంది. అందులోని నూగువంటి కణాలు చప్పుడును పట్టి మెదడుకు అందిస్తాయి. ఆ కణాలను పోషించే పొర ఒకటి ఉన్నది. చర్మానికీ వెంట్రుకలకూ రంగునిచ్చే కణాలే ఆ పొరలో కూడా ఉండి పనిచేయాలి. ఒంటి మీద రంగు బొత్తిగా లేకుండా పోయే వంశాలలో కొన్నిటికి లోచెవిలోనూ రంగు కణాలు చేరవు. అప్పుడు ఆ పొర ఎండి, పుట్టిన మూడు నాలుగు వారాలకే వినికిడి కణాలు చచ్చిపోతాయి. మళ్లీ రావు. తెల్లనివన్నీ చెవిటివనుకోకండి, తెలుపు చాలా రకాలుగా వస్తుంది. చుక్కల డాల్మేషియను జాతిలో కూడా ఈ చెవుడు ఎక్కువ. పిల్లులలో నీలికళ్లకూ చెవుడుకూ సంబంధం ఉన్నదని డార్విను 1859లోనే తన గ్రంథంలో వ్రాశాడు. అంటే నూట అరవై ఏళ్లకు పైగా తెలిసిన సంగతి.

తెలిసి కూడా మనం చేస్తున్నదేమిటి? ఒక్క మచ్చ ఉన్నా పిల్లకు ధర తగ్గిస్తాము. చెవి మీద ఒక గోధుమరంగు చుక్క కనపడితే "జాతి కలిసింది" అని పక్కన పెడతాము. నిలువెల్లా తెలుపు, ముక్కు గులాబిరంగు ఉంటేనే అసలైనదని ఎక్కువ డబ్బు ఇస్తాము. కొనేవారు తెలుపు అడుగుతుంటే పెంచేవారు తెలుపునే తెలుపుతో జతకడతారు. పైగా దగ్గర రక్తంలోనే జతకడతారు. మన పొగడ్తలే ఆ పిల్లల చెవులు మూస్తున్నాయని మేము నిస్సంకోచంగా అంటాము. ఇది మన కుక్క అని చెప్పుకునే హక్కు మనకుంటే, అమ్ముడుపోని పిల్ల కూడా మనదే అవుతుంది. ఒక ఒంటిచెవి మచ్చతో కాస్త మసక తెలుపు పిల్లను కొన్నందువల్ల ఎవరి పరువూ పోదు. పంది వెంట పరుగెత్తటానికి మచ్చ అడ్డమా?

కొనదలచినవారికి ఒక మాట. పిల్లకు అయిదారు వారాలు నిండాక, అది ఒంటరిగా ఉన్నప్పుడు, వెనకనుంచి, దానికి కనపడకుండా తాళాల గుత్తి ఆడించి చూడండి. నేల అదరకూడదు, గాలి తగలకూడదు. తోడి పిల్లల నడుమ పరీక్ష పనికిరాదు. అవి లేస్తే ఇదీ లేస్తుంది, వినపడి లేచిందనుకుంటారు. ఇంకో చిక్కు, ఒక చెవి మాత్రమే పనిచేసే పిల్ల ఈ పరీక్షలో గెలుస్తుంది. బ్రతుకంతా ఎవరికీ అనుమానం రాకుండా తిరుగుతుంది. కాని దాని సంతానంలో చెవిటి పిల్లలు పుట్టవచ్చు. అందుకే జతకట్టదలచినవారు రెండు చెవులనూ విడివిడిగా పరీక్ష చేయించాలి. చెవిలో టిక్కుటిక్కుమనిపించి మెదడు ఎట్లా స్పందించిందో యంత్రంతో కొలిచే పద్ధతి ఉన్నది. మల్లికి మేము పిల్లలు కలగకుండా ఆపరేషను చేయించాము. అంత అందమైనదానికి ఎందుకు చేయించారని అడిగినవారికి పైన వ్రాసినదంతా చెప్పవలసి వస్తున్నది. ఇకమీదట ఈ పుట చేతికిస్తాము.

చెవిటి కుక్కతో సంసారం కష్టమా అంటే, నాలుగు పద్ధతులు అలవాటైతే కష్టం లేదు. మల్లి మెడలో ఒక గంట కట్టాము. దానికి వినపడని గంట దేనికని చూసినవారు నవ్వుతారు. గంట మా కోసం. పిలిస్తే పలకనిది ఏ మూలనున్నదో మాకు తెలియవద్దా? గొలుసు లేకుండా వీధిలోకి పంపము. వెనక వచ్చే మోటారు చప్పుడు దానికి తెలియదు. మాటలకు బదులు చేతి సైగలు. అరచెయ్యి క్రిందికి వాల్చితే కూర్చోవాలి, చెయ్యి ఛాతీ వైపు ఊపితే రావాలి, రెండు చేతులు విప్పి చూపిస్తే ఇంక తినటానికి లేదు. ఈ మూడోది దానికి అర్థమవుతుంది, ఒప్పుకోదు. వేటజాతి కనుక చూపు మహా చురుకు. కదలకుండా నిలబడ్డ మనిషిని పట్టించుకోదు కాని, వీధి చివర చెయ్యి ఊపితే పట్టేస్తుంది. అందుకని సైగ పెద్దదిగా, కదులుతూ ఉండాలి. చీకట్లో అయితే టార్చి దీపం నేల మీద రెండుసార్లు వేసి ఆర్పుతాము.

నిద్రపోతున్నప్పుడు వెనకనుంచి తాకకూడదు. ఇది అన్నిటికంటె ముఖ్యం. అదిరిపడి నోరు వేస్తుంది, దాని తప్పు కాదు. నేల మీద పాదంతో తట్టి, ఆ అదురుకు అది కళ్లు తెరిచాక దగ్గరకు వెళ్లాలి. లేకపోతే ముక్కు దగ్గర చెయ్యి పెట్టాలి, వాసనకు లేస్తుంది. చుట్టపు పిల్లవాడు ఒకడు ఎంత చెప్పినా వినక నిద్రపోతున్న మల్లి తోక లాగాడు. పన్ను గీసుకుని రక్తం వచ్చింది. మల్లికి ఏటేటా పిచ్చికుక్క వ్యాధి టీకా వేయిస్తున్నాము, అయినా ఆ ధీమాతో ఊరుకోలేదు. ధారగా పడే నీటిక్రింద సబ్బు పెట్టి పావుగంట కడిగించి, నేరుగా ఆసుపత్రికి తీసుకుపోయాము. మొదటి రోజున ఒకసారి, తరువాత 3, 7, 28వ రోజులలో చేతులకు చిన్న సూదులు. మల్లిని పదిరోజులు కనిపెట్టి చూశాము, దానికి ఏమీ లేదు. పిల్లవాడు ఒక సూదికి కూడా ఏడవలేదు, మల్లికి నాలుగు సైగలు నేర్చుకుని వెళ్లాడు.

అవ్వకు మాత్రం ఇది చూస్తుంటే పాత రోజులు జ్ఞాపకం వచ్చాయి. ఆవిడ చిన్నప్పుడు మా జిల్లాలో ఎవరిని కుక్క కరిచినా కొండ మీది కూనూరు పేరే చెప్పేవారట. అక్కడి పాస్టరు ఇన్‌స్టిట్యూటు 1907లో వెలసింది. గొర్రె మెదడునుంచి చేసిన మందు, బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు. ఆ మందును 2004తో మన దేశంలో పూర్తిగా మానేశారు. అయినా బొడ్డు చుట్టూ సూదుల భయం మాత్రం ఇంకా కొన్ని ఇళ్లలో ఉన్నది. ఆ భయంతో పసుపు రాసి ఊరుకునేవారు ఉన్నారు. దయచేసి అట్లా చేయకండి. ఈ జబ్బు లక్షణాలు కనపడ్డాక మందు లేదు.

ఇంట్లో మాటల సంగతి చూడండి. మా పిల్లలు ఒకరితో ఒకరు తమిళంలో పోట్లాడుకుంటారు, ఇంగ్లీషులో లెక్కలు చేసుకుంటారు. టైగరును మాత్రం తెలుగులోనే తిడతారు. వాడిని పెంచింది అవ్వ. వాడికి మొదట తెలిసిన భాష అవ్వ భాష. "వా" అంటే వాడు చెవి కూడా కదపడు, "రారా" అంటే వస్తాడు. "పో" మాత్రం రెండు భాషలలోనూ ఒకటే కనుక అందరి దగ్గరా వింటాడు, అనగా అందరి దగ్గరా విననట్టు నటిస్తాడు. ఈ విధంగా పిల్లల నోట రోజూ కాసిని తెలుగు మాటలు పలికించే పని వాడు జీతం లేకుండా చేస్తున్నాడు. మల్లి వచ్చాక పిల్లలు దానితో చేతులతోనే మాట్లాడుతున్నారు. అవ్వ మాత్రం మానలేదు. మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని దువ్వెనతో దాని బొచ్చు దువ్వుతూ ఊరి కబుర్లన్నీ చెపుతుంది. "అవ్వా, దానికి వినపడదు కదా!" అని చిన్నవాడు ఒకనాడు అన్నాడు. "దానికి వినపడకపోతేనేమిరా, నాకు చెప్పుకోవాలని ఉండదూ?" అన్నది. మల్లి ఆవిడ ముఖంకేసి చూస్తూనే ఉంటుంది. పెదవుల కదలికే చూస్తుందో, చేతిలోని మరమరాల గిన్నే చూస్తుందో, అది దానికే తెలియాలి.

దీపావళి తెల్లవారుజామున వీధి వీధంతా పేలుతుంటే టైగరు అవ్వ మంచం క్రింద చేరి వణుకుతాడు. మనిషి చెవికి సెకనుకు ఇరవై వేల కంపనాల వరకు అందితే కుక్క చెవికి నలభై వేలు దాటి అందుతాయంటారు. మనకు చప్పుడైనది వాడికి పిడుగు. మల్లికి ఇవేవీ లేవు. మొదటి ఏడు తలుపు దగ్గర కూర్చుని చిచ్చుబుడ్డి వెలుతురు చూస్తూ ఆవులించింది. తరువాత టైగరు కనపడకపోయేసరికి ఇల్లంతా వెదికి, మంచం క్రిందికి తలదూర్చి, పట్టనంత ఒళ్లు ఎట్లాగో పట్టించుకుని వాడిని ఆనుకుని పడుకున్నది. అప్పటినుంచి ప్రతి ఏడూ అంతే. మంచం క్రింద నుంచి దాని వెనకకాళ్లు రెండూ బయటకు కనపడుతూ ఉంటాయి.

టైగరే దాని చెవులు అని వేరే చెప్పాలా? పడుకున్నా వాడి వీపుకు ఒళ్లు తగిలేట్టు పడుకుంటుంది. గేటు గొళ్లెం చప్పుడుకు వాడు లేస్తే ఆ కదలికకు ఇది లేస్తుంది. క్షణంలో వాడిని దాటి గేటు దగ్గర ఉంటుంది. పాలవాడు ఇన్నాళ్లూ మల్లి మహా జాగరూకురాలు అనుకుంటున్నాడు. ఆ పేరు అసలు సంపాదించి పెట్టింది టైగరు.

ఇప్పుడు మా దిగులు ఇక్కడే. రెండు మూడు నెలలుగా టైగరు గొళ్లెం చప్పుడుకు లేవటం లేదు. పేరు పెట్టి పిలిస్తే ఒకసారి తిరుగుతాడు, ఒకసారి తిరగడు. చెవులు బాగానే ఉన్నాయి, వయస్సు వల్ల వచ్చిన మాంద్యం, ఇంకా తగ్గుతుందే కాని పెరగదని పశువుల డాక్టరు గారు చెప్పారు. ఇంటికి వచ్చాక ఎవరమూ కాసేపు మాట్లాడలేదు. మర్నాడు గేటుకు ఒక మీట పెట్టించి, అది నొక్కితే వసారాలో దీపం వెలిగేట్టు చేయించాము. ఇంతకీ మొన్న జరిగినది చెప్పాలి. తపాలా అతను గేటు దగ్గరకు వచ్చాడు, టైగరు గుర్రుపెడుతూ నిద్రపోతున్నాడు. వసారాలో దీపం వెలిగింది. మల్లి కళ్లు తెరిచింది. ఎప్పుడూ వాడిని దాటి పరుగెత్తేది, ఈసారి ఆగి వాడి మెడ మీద ముక్కుతో రెండు పోట్లు పొడిచింది. వాడు లేచి, ఏమిటో తెలియకపోయినా, అలవాటు ప్రకారం మొరగటం మొదలుపెట్టాడు.

డాక్టరు గారి సలహా మీద, కాస్త వినపడుతుండగానే టైగరుకు కూడా మల్లి సైగలు నేర్పుతున్నాము. మాటా సైగా కలిపి చూపిస్తే ముసలి కుక్కలూ నేర్చుకుంటాయన్నారు. నిజమే. బిస్కత్తు సైగ రెండు రోజులలో వచ్చింది. వీధికి షికారు సైగ ఒక్కరోజులో వచ్చింది. అవ్వ మంచం దిగమనే సైగ మొదలుపెట్టి ఇది మూడో వారం. చెయ్యి చూపించగానే వాడు కళ్లు మూసుకుంటున్నాడు.